వైజాగ్‌లో పెద్ద కాయల పోటీ: ఏ కూరగాయలు పెట్టాలి, ఎలా తూచాలి, ఎప్పుడు పెట్టాలి?

మిద్దెతోట_ఎంవీపీ

అందరికీ నమస్కారమండీ. మాది ఎంవీపీ కాలనీ. మా చుట్టుపక్కల వీధుల్లో మిద్దె మీద కూరగాయలు పెంచేవాళ్ళం చాలామందిమి ఉన్నాం, ఒక వాట్సాప్ గ్రూపు కూడా ఉంది, తెల్లారితే చాలు ఎవరో ఒకరు ఆనపకాయ పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపుతారు, మధ్యాహ్నానికల్లా ఇంకొకరు అంతకన్నా పొడుగుది పంపుతారు. ఫొటోల్లో పోటీ ఎందుకు, ఈసారి కార్తీక వనభోజనాలకి వెళ్ళినప్పుడు కాయలన్నీ బల్లల మీద పెట్టి నిజంగానే తూచి బహుమతులు ఇద్దాం అని గ్రూపులో పెద్దవాళ్ళు అన్నారు, ఆ ఏర్పాట్లు నేను చూస్తున్నాను.

ఇంగ్లండ్ వాళ్ళ తోట ప్రదర్శనల వీడియోలు చూసే నేను గ్రూపులో ఈ మాట ఎత్తాను. అక్కడ చలి మొదలయ్యే ముందు, సెప్టెంబర్‌లో, యార్క్‌షైర్‌లో హారోగేట్ పేరు మీద పెద్ద ప్రదర్శన జరుగుతుంది, మాల్వెర్న్ అనే చోట ఇంకొకటి, అక్కడైతే పెద్ద కూరగాయలకి ఏకంగా జాతీయ ఛాంపియన్‌షిప్పే ఉంది. 2023లో ఆ హారోగేట్ ప్రదర్శనలో గెర్న్సీ దీవి నుంచి వచ్చిన గారెత్ గ్రిఫిన్ గారి ఉల్లిపాయ 8.97 కిలోలు తూగి ప్రపంచ రికార్డు కొట్టింది. ఒక్క ఉల్లిపాయ అండీ! ఇక గుమ్మడికాయల సంగతి చెప్పక్కర్లేదు, 2025 అక్టోబర్‌లో హాంప్‌షైర్ కవల అన్నదమ్ములు ఇయాన్, స్టువర్ట్ పాటన్ గార్ల కాయ 1,278.8 కిలోలు తూగింది, అలాంటివి మనుషులు మోసేవి కావు, ఫోర్క్‌లిఫ్ట్ పెట్టి ఎత్తాల్సిందే.

మన దగ్గర పూల ప్రదర్శన అంటే అందరూ పిల్లల్ని తీసుకుని వెళ్తారు, బంతులు చామంతులు చూస్తారు, ఫొటోలు దిగుతారు, కూరగాయ పండించినవాళ్ళకి మాత్రం ఒక బల్ల కూడా దొరకదు. నాకు అది బాధగానే ఉంటుంది, వంకాయ మొక్కని పురుగు బారి నుంచి కాపాడి కాయ దాకా తీసుకురావడం గులాబీ పూయించడం కన్నా తక్కువ పనేం కాదు కదా.

ఇప్పుడు జూన్ చివరికి వచ్చేశాం, విత్తనం పెట్టాలంటే ఈ రెండు వారాల్లోనే ఏదో ఒకటి తేలాలి. ఆ అట్లాంటిక్ జెయింట్ గుమ్మడి గింజలు ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి, మన ఉక్కపోతలో అవి వస్తాయా? రాకపోతే మన వాతావరణంలో నిజంగా పెద్దగా పెరిగేవి ఏవి? ఇంకా ముఖ్యంగా, ఎవరూ నొచ్చుకోకుండా జడ్జ్ చేయడం ఎలా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి, గ్రూపులో అందరికీ చూపిస్తాను.

అరిలోవ_ఆకుకూర

చాలా మంచి ఆలోచన అండీ, మమ్మల్ని కూడా రానిస్తారా మరి. ఒక్కటే చెప్తాను, అక్టోబర్‌లో మాత్రం పెట్టకండి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న, తిత్లీ వచ్చింది 2018 అక్టోబర్‌లోనే, మన తీరానికి ఆ నెల నమ్మకం లేదు. ఈ ఏడు అధికమాసం వచ్చింది కాబట్టి దీపావళి నవంబర్ 8, కార్తీకం ఆ తర్వాత మొదలై డిసెంబర్ మొదటి వారం దాకా ఉంటుంది, నవంబర్ ఆఖరి ఆదివారం పెట్టుకుంటే కాయలు పెరగడానికి టైమూ దొరుకుతుంది, తుఫాను భయమూ కొంచెం తగ్గుతుంది. పూర్తిగా పోదు అనుకోండి, నవంబర్‌లో కూడా బంగాళాఖాతం ఊరుకోదు.

ఉప్పుగాలి_లాసన్స్‌బే

అట్లాంటిక్ జెయింట్ గురించి అడిగారు కదా, దాని కథ ముందు చెప్తాను, అప్పుడు మీరే తేల్చుకోండి. కెనడాలో నోవాస్కోషియా రాష్ట్రం, విండ్సర్ అనే ఊళ్ళో హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ళ తరబడి పెద్ద కాయల గింజలే ఎంచి ఎంచి తయారుచేసిన రకం అది. ఇవాళ ప్రపంచంలో రికార్డులు కొట్టే గుమ్మడికాయలన్నీ ఇంచుమించు ఆ వంశంవే. బాగా పెరిగే రోజుల్లో ఆ కాయ రోజుకి 20 కిలోలకి పైగా బరువు ఎక్కుతుంది. అంత తిండి పెట్టడానికి ఒక్క పాదే వంద చదరపు గజాల దాకా పరుచుకుంటుంది, తీగ కణుపు కణుపుకీ మట్టి కప్పి వేళ్ళు పట్టిస్తారు, పాదుకి ఒక్కటంటే ఒక్క కాయే ఉంచుతారు. మిద్దె మీద కుదిరే పని కాదు.

స్థలం ఉన్నా మన వాతావరణం దానికి సరిపడదు. ఆ జాతికి పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉండాలి. ఆకు పగలంతా తయారుచేసిన పిండిపదార్థంలో కొంత రాత్రి మొక్క బతకడానికే ఖర్చయిపోతుంది, రాత్రి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఖర్చవుతుంది, కాయకి చేరేది అంత తగ్గుతుంది. మన విశాఖలో ఆగస్టు రాత్రి కూడా 25, 26 డిగ్రీలు ఉంటుంది, దానికి తోడు గాలిలో తేమ. వేడికి ఆడ పిందెలు రాలిపోతాయి, నిలిచిన కాయకి అడుగున కుళ్ళు పడుతుంది, ఆకుల మీద బూడిద తెగులు సరేసరి. పైగా ఆన్‌లైన్‌లో ఆ పేరుతో అమ్మే గింజల్లో ఏది అసలుదో చెప్పలేం, పోటీల్లో గెలిచిన కాయ గింజలు అక్కడ పెంపకందార్ల మధ్యే ఎక్కువ ధరకి చేతులు మారతాయి.

ఉల్లిపాయ విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆ 9 కిలోల ఉల్లికి చలికాలంలోనే ఇంట్లో దీపాల కింద నారు పోస్తారు, వేసవిలో వాళ్ళకి పగలు 16, 17 గంటలు ఉంటుంది, ఆ రకాలకి పగలు 14 గంటలు దాటితేనే గడ్డ ఊరాలన్న సంకేతం అందుతుంది. మన విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, సంవత్సరం మొత్తంలో అతి పెద్ద పగలు జూన్‌లో 13 గంటల 10 నిమిషాలు, అంతే. ఆ గింజ తెచ్చి ఇక్కడ వేస్తే పచ్చగా ఆకులు వస్తాయి, గడ్డ రాదు. ఎంత ఎరువు వేసినా రాదు, ఎందుకంటే తక్కువైంది ఎరువు కాదు, వెలుతురు ఉండే గంటలు. మన బళ్ళారి, నాసిక్ ఉల్లి రకాలు చిన్న పగటికి అలవాటు పడ్డవి, వాటినైతే అక్టోబర్, నవంబర్‌లో నాటి వేసవి ముందు తీసుకుంటాం, మీ పోటీ వేళకి అవి అందవు. అయినా కార్తీకంలో ఉల్లి తినని ఇళ్ళే ఎక్కువ, వనభోజనాల బల్ల మీద ఉల్లి లేకపోయినా ఎవరూ అడగరు.

అలాస్కాలో పామర్ అనే చోట జరిగే రాష్ట్ర సంతలో 2012లో స్కాట్ రాబ్ గారి క్యాబేజీ 62.71 కిలోలు తూగింది. చలి ప్రదేశంలో అంత పెద్ద క్యాబేజీ ఏంటి అనుకుంటాం. అక్కడ నడివేసవిలో సూర్యుడు 19 గంటలు ఆకాశంలో ఉంటాడు, ఎండ మెత్తగా ఉంటుంది, మొక్క దాదాపు రోజంతా తిండి తయారుచేసుకుంటూనే ఉంటుంది. ఏ నేలకి ఏది వరమో అది పండించి వాళ్ళు గెలుస్తున్నారు. మనమూ అదే చేద్దాం: బూడిద గుమ్మడి, తియ్య గుమ్మడి, ఆనప, పొట్ల, పొడుగు బొబ్బర. వీటికి మన వేడి, మన తేమ కావాలి, అక్కడివాళ్ళు ఇవి పెంచాలంటే గ్లాసు ఇళ్ళు కట్టుకోవాలి.

బీచ్‌కి దగ్గరగా ఉన్నవాళ్ళకి ఒక మాట. గాలి ఎక్కువగా వీచిన మర్నాడు ఆకులని మంచినీళ్ళతో కడగండి, సముద్రం వైపు గ్రీన్ నెట్ కట్టండి. ఆకుల అంచులు మాడిపోయిన పాదు పెద్ద కాయని మోయలేదు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాన నీళ్ళు పట్టి వాడండి, వర్షాకాలమే కాబట్టి కష్టం కాదు.

పెందుర్తి_పాదు

మాది పెందుర్తి అవతల పల్లె, మా ఇంట్లో బూడిద గుమ్మడి పాదు లేని సంవత్సరం లేదు. పై మిత్రులు సెప్పింది నిజమే, విదేశీ గింజ మీద డబ్బులు పెట్టకండి. బూడిద గుమ్మడి కాయ 10, 15 కిలోలు రావడం మా వేపు వింత కాదు, శ్రద్ధగా ఒక్క కాయే ఉంచితే ఇంకా పైకి పోతది. ఇప్పుడు గింజ పెడితే నవంబర్ ఆఖరికి అయిదు నెలలు వస్తాయి, సరిగ్గా సరిపోతది.

ఎలాగ సెయ్యాలంటే, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు గొయ్యి తియ్యండి. బాగా మాగిన గెత్తం, అంటే పశువుల ఎరువు, సగం, మట్టి సగం, రెండు గుప్పెళ్ళు వేపపిండి. పచ్చి గెత్తం వెయ్యకండి, వేరు మాడిపోతది. మూడు గింజలు పెట్టి, మొలిచాక బలమైనది ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యండి. పూత దాకా ఎరువు బాగానే ఇవ్వండి, పిందె నిలిచాక మాత్రం ఆకు పెంచే ఎరువు తగ్గించి పొటాష్ ఉన్నది ఇవ్వాలి, కట్టెల బూడిద దొరికితే అదీ కొంచెం పనికొస్తది. ఎక్కువైతే మట్టి చెడిపోతది, గుప్పెడు చాలు.

పువ్వుల సంగతి జాగ్రత్తగా వినండి, ఇక్కడే చాలామందికి పిందెలు రాలిపోతాయి. గుమ్మడి పువ్వులు, బూడిద గుమ్మడి పువ్వులు తెల్లారగట్ట విచ్చుకుంటాయి, ఎండెక్కేసరికి ముడుచుకుపోతాయి, కాబట్టి మగపువ్వు కోసి రేకులు తీసేసి ఆడపువ్వుకి పొద్దున్నే అంటించాలి. ఆనప, పొట్ల పువ్వులు తెల్లవి, అవి సాయంత్రం విచ్చుకుంటాయి, వాటికి పొద్దుపోయాక చెయ్యాలి. ఆఫీసు నుంచి వచ్చాక టార్చి పట్టుకుని చేసుకోవచ్చు. టౌనులో మేడల మీదకి తేనెటీగలు తక్కువ వస్తాయి, అందుకే చేత్తో చెయ్యమంటన్నాను.

రెండు మూడు పిందెలు నిలిచాక తొందరపడి అన్నీ తియ్యకండి, కొబ్బరికాయంత సైజు వచ్చేదాకా చూడండి, అప్పుడు ఏది మిగతావాటిని దాటి పెరుగుతుందో దాన్ని ఉంచండి. పిందె దశలో పండు ఈగ గుడ్లు పెడతది, పల్చని గుడ్డ సంచి తొడగండి, క్యూల్యూర్ ఎర బుట్టలు వేలాడదీస్తే మగ ఈగలు పడతాయి. కాయ నేల మీద ఉంటే కింద ఇసక పోసి పైన ఎండుగడ్డి పరవండి. కాయ భుజం తీగని నొక్కకుండా తీగని కొంచెం పక్కకి జరుపుతూ ఉండాలి, ఒక్కసారిగా జరిపితే తొడిమ దగ్గర విరుగుతది, రోజుకి కొంచెం కొంచెం. నీళ్ళు ఒక లెక్కన పెట్టండి, నాలుగు రోజులు ఎండగట్టి ఒకేసారి నింపేస్తే కాయ పగులుతది. పెద్ద వాన వచ్చినప్పుడూ అదే జరుగుద్ది, అందుకని ఎండ రోజుల్లో కూడా నేల తడి ఆరనివ్వకూడదు.

ఇంకోటి, దసరా ఈసారి అక్టోబర్ మూడో వారంలో. అప్పుడు బూడిద గుమ్మడికాయకి ఎంత గిరాకీయో మీకు తెలుసు, కొట్లకి, లారీలకి, ఆటోలకి అందరూ దిష్టి తీస్తారు. పెద్ద కాయ కనబడితే ఇంటికొచ్చి అడుగుతారు. ఇవ్వకండి, ఇంకో నెల ఉంటే బరువు బాగా కడతది.

మిద్దెతోట_ఎంవీపీ

పెందుర్తి గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ, టార్చి మాట మా గ్రూపులో అప్పుడే అందరికీ పంపేశాను. మిద్దె మీద పందిరికి వేలాడే కాయ సంగతి కూడా చెప్తారా, 10 కిలోలు అంటే తీగ ఆగుతుందా?

పెందుర్తి_పాదు

తీగ మీద వదిలేస్తే ఆగదండీ, తెగిపోతది. పాత కాటన్ చీర ముక్కని కాయ కింద నుంచి ఉయ్యాలలాగ తీసి పందిరి కమ్మీకి కట్టండి, బరువంతా గుడ్డ మీదే పడాలి. కాయ పెరిగేకొద్దీ ముడి వదులు చేసుకుంటా పోవాలి. నైలాన్ తాడు వద్దు, కాయకి కోత పడతది. పందిరి కూడా వెదురు కాకుండా ఇనప పైపులతో ఉంటే మంచిది, గాలీవానా వస్తే కాయతో సహా కూలిపోకూడదు.

షెడ్యూల్_మాస్టారు

పెంచడం గురించి బాగా చెప్పారు, జడ్జింగ్ గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఇలాంటి పోటీలు ఆగిపోయేది అక్కడే, మొదటి ఏడు సరదాగా జరుగుతుంది, రెండో ఏడు "ఆయనకి ఎందుకిచ్చారు" అని సగంమంది రారు.

ఇంగ్లండ్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళకి ఈ ప్రదర్శనల కోసమే ఒక నిబంధనల పుస్తకం ఉంది. అక్కడ రెండు రకాల పోటీలు పూర్తిగా వేరు. ఒకటి బరువు లేదా పొడవు, దానికి కాటా, టేపు చాలు, అందం ఎవరూ చూడరు. రెండోది నాణ్యత, అక్కడ పళ్ళెంలో మూడో, అయిదో ఒకే రకం కాయలు పెట్టాలి, వాటి తాజాదనం, ఆకారం, సైజు, రంగు, అన్నిటికన్నా ముఖ్యంగా అన్నీ ఒకలా ఉన్నాయా అని చూస్తారు. కష్టమైన కూరగాయకి ఎక్కువ మార్కులు, తేలికైనదానికి తక్కువ, పెద్ద ఉల్లికి గరిష్ఠంగా 20 అయితే ముల్లంగికి అంత ఉండదు. నా అభిప్రాయం నిక్కచ్చిగా చెప్తాను, అసలైన తోటమాలి ఎవరో తెలిసేది ఈ రెండో పోటీలోనే. ఒక పెద్ద కాయ రావడానికి మంచి గింజ, మంచి గొయ్యి, కొంచెం అదృష్టం ఉంటే చాలు. ఒకే రోజుకి ఒకే సైజులో, ఒకే రంగులో, మచ్చ లేని అయిదు వంకాయలు బల్ల మీద పెట్టడానికి మొక్కని రోజూ చూసుకోవాలి. ఏ పువ్వు ఎప్పుడు నిలిచిందో గుర్తుపెట్టుకోవాలి, ఏ కాయ ముందు కోయాలో, ఏది ఇంకో రోజు ఉంచాలో తెలియాలి.

అక్కడ ఒక మాట చాలా కఠినంగా అమలు చేస్తారు. షెడ్యూల్‌లో, అంటే పోటీల నియమాలు రాసిన కాగితంలో, అయిదు అని ఉంటే అయిదే, ఆరు పెట్టినా నాలుగు పెట్టినా కాయలు ఎంత బాగున్నా "నాట్ యాజ్ షెడ్యూల్" (షెడ్యూల్ ప్రకారం లేదు) అని కార్డు మీద రాసి పక్కన పెట్టేస్తారు, జడ్జి వాటిని చూడడు. కఠినం అనిపిస్తుంది కానీ అందరికీ ఒకటే కొలత ఉంటేనే ఓడినవాళ్ళు కూడా మళ్ళీ వస్తారు. కాబట్టి మీ షెడ్యూల్ ఇప్పుడే, గింజ పెట్టకముందే, కాగితం మీద రాసి గ్రూపులో పెట్టండి. తర్వాత ఒక్క అక్షరం మార్చకండి.

బరువు పోటీకి కాయ గట్టిగా ఉండాలి, కుళ్ళు ఉండకూడదు, పగులు లోపలి బోలు దాకా పోకూడదు. పెద్ద గుమ్మడికాయల పోటీలు నడిపే గ్రేట్ పంప్‌కిన్ కామన్వెల్త్ వాళ్ళదీ ఇదే నియమం, ఎన్నో వందల కిలోల కాయ అయినా లోపలికి కంత పడితే లెక్కలోకి రాదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాటా తెప్పించండి, ఇంట్లో వాడే స్ప్రింగు కాటా వద్దు. తొడిమ ఎంత ఉంచాలో కూడా రాయండి, రెండు అంగుళాలు అనుకుందాం, లేకపోతే ఒకాయన మూరెడు తీగతో సహా తూయిస్తారు.

ఆనప నాణ్యత పోటీకి లేత కాయే పెట్టాలి, గోరు గుచ్చితే దిగాలి, కానీ గోరు గుచ్చేది జడ్జి మాత్రమే, అదీ తొడిమ పక్కన ఒక్కచోట. బూడిద గుమ్మడి మీద ఆ తెల్లని బూడిద చెరిగిపోకుండా తేవాలి, నూనె రాసి మెరిపిస్తే మార్కులు కట్. వంకాయ ముచ్చిక పచ్చగా ఉండాలి, మిరపకాయలకి తొడిమలు ఉండాలి.

సొంతంగా పండించిందేనా అన్న అనుమానం రాకుండా ఒక పని చేయండి. పిందె నిలిచిన రోజు, మళ్ళీ నెల తర్వాత, కోసే ముందు, ఫొటో గ్రూపులో పెట్టాలి అని రూల్ పెట్టండి. పూర్ణా మార్కెట్‌లో కొని తెచ్చేవాళ్ళు ఉంటారని కాదు, కష్టపడి పెంచినవాళ్ళని ఎవరూ ఒక మాట అనకుండా ఉండటానికి.

గాజువాక_గోంగూర

మాస్టారు చెప్పినదాంతో నేను చాలావరకు ఒప్పుకుంటాను కానీ బరువు పోటీని అంత తేలిగ్గా తీసేయకండి సార్. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చేది పెద్ద కాయ దగ్గరికే. ఒక పిల్లాడు అంత పెద్ద గుమ్మడికాయని చూసి ఇది ఒక్క గింజలోంచి వచ్చిందా అని అడిగితే చాలు, వచ్చే ఏడు ఆ పిల్లాడే కుండీ పెడతాడు. ఒకలా ఉన్న అయిదు వంకాయల గొప్పతనం పెద్దవాళ్ళకి అర్థమవుతుంది, పదేళ్ళ పిల్లలకి అర్థం కాదు. రెండూ ఉండాలి.

నా అసలు బాధ ఇంకొకటి. పెందుర్తిలో నేల ఉన్నవాళ్ళతో ఎంవీపీలో మిద్దె మీద గ్రో బ్యాగులో పెంచేవాళ్ళు బరువులో ఎలా పోటీ పడతారు? అది న్యాయం కాదు. మిద్దెతోటలకి వేరే క్లాసు పెట్టండి, బ్యాగు సైజు ఇంత అని ముందే చెప్పండి, 40 లీటర్లో 60 లీటర్లో, ఏదైనా ఒకటి. ఒకటే మట్టి పరిమాణం, ఒకటే మొక్క, ఎవరు ఎంత తీశారో చూద్దాం. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకి బాల్కనీలో మిరప ఒక్కటే దిక్కు, వాళ్ళకి "ఒక మొక్కకి ఎక్కువ కాయలు" అని ఒక పోటీ ఉంటే వాళ్ళూ వస్తారు. మిరప కుండీతో సహా తేవొచ్చు కాబట్టి అనుమానాలూ ఉండవు.

తగరపువలస_కంద

అందరూ తీగల గురించే రాస్తున్నారు, దుంపల్ని మర్చిపోయారు. కంద మన ఆంధ్రకి తగిన గొప్ప పోటీ పంట అని నేను అంటాను, గజేంద్ర అనే రకం మన కొవ్వూరు పరిశోధన స్థానం నుంచే వచ్చింది, దురద తక్కువ, దుంప నునుపుగా వస్తుంది, పిల్ల దుంపలు పెద్దగా రావు, బలమంతా ఒక్క దుంపలోకే పోతుంది. విత్తనపు ముక్క పెద్దదైతే దుంపా పెద్దది, అరకిలోకి తక్కువ పెట్టకూడదు. కాకపోతే మీ పోటీకి ఈ ఏడు ఆలస్యమైంది, ఇప్పుడు నాటితే సంక్రాంతి దాటాకే తీయాలి, ఏడెనిమిది నెలలు పడుతుంది, ఆకు పండి వాలిపోయేదాకా దుంప ఊరుతూనే ఉంటుంది. ఏప్రిల్, మేలో నాటినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ వరకు పెట్టండి. లేకపోతే వచ్చే ఏడాదికి ఇప్పుడే చెప్పి ఉంచండి. పెండలం కూడా అంతే.

తూచే ముందు మట్టి కడిగి, నీడన ఆరబెట్టి, వేళ్ళు కత్తిరించి తేవాలి అని మాత్రం షెడ్యూల్‌లో రాయండి. మట్టితో తూస్తే ఎవరి మట్టి ఎంతో ఎలా తెలుస్తుంది.

పొట్లకాయకి పొడవు పోటీ పెడితే బాగుంటుంది. కొసకి చిన్న రాయి దారంతో కడితే నిటారుగా సాగుతుంది, అందరికీ తెలిసిన పద్ధతే, కానీ పిందె జానెడు దాటాక కట్టాలి, ముందే కడితే కొస తెగిపోతుంది. ఆనపలో పొడుగు రకం కావాలంటే నరేంద్ర శివాని అని ఉత్తరప్రదేశ్‌లో నరేంద్రదేవ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ రకం ఉంది, కాయ మనిషెత్తు దాకా సాగుతుంది. దానికి పందిరి బాగా ఎత్తుగా వేయాలి, కాయ నేలని తాకితే వంకర తిరుగుతుంది.

మిద్దెతోట_ఎంవీపీ

మీరందరూ రాసింది చదివి మా వాళ్ళతో మాట్లాడాను. బూడిద గుమ్మడి బరువు నేల ఉన్నవాళ్ళకి, అదే 60 లీటర్ల బ్యాగులో పెంచినదానికి వేరే బహుమతి, పొట్ల పొడవు, లేత ఆనపకాయలు మూడు ఒక పళ్ళెంలో, వంకాయలు అయిదు, ఇంకా బాల్కనీ మిరప కుండీ. పిల్లలకి తియ్య గుమ్మడి. నవంబర్ ఆఖరి ఆదివారం ఖాయం చేశాం, వాయుగుండం ఏదైనా ఉంటే డిసెంబర్ మొదటి ఆదివారం. అరిలోవ వాళ్ళు, గాజువాక వాళ్ళు, పెందుర్తి వాళ్ళు ఎవరైనా రావొచ్చు.

రెండు సందేహాలు మిగిలాయి. పోటీ అయ్యాక ఆ కాయల్ని అక్కడే వండేయొచ్చా? మరి రెండు కాయలు ఒకే బరువు తూగితే ఎవరికి ఇవ్వాలి?

పెందుర్తి_పాదు

భేషుగ్గా వండొచ్చు. గుమ్మడి దప్పళం పెట్టండి, ముదిరిన బూడిద గుమ్మడైతే వడియాలకి పనికొస్తది, ఇంటికి పట్టుకెళ్ళి ఎండ చూసి పెట్టుకోండి. కోసేటప్పుడు గింజలు పారెయ్యకుండా కడిగి నీడన ఆరబెట్టి అందరికీ పంచండి. గుమ్మడికీ బూడిద గుమ్మడికీ సంకరం అవదు, ఆ భయం లేదు, కానీ పక్కింటి బూడిద గుమ్మడితో అవుద్ది, అసలు రకం నిలవాలంటే చేత్తో అంటించబోయే ఆడపువ్వుకి ముందురోజు సాయంత్రమే గుడ్డ కట్టి, అంటించాక మళ్ళీ కట్టాలి.

ఆనపకాయ మాత్రం వండే ముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఎంత అందమైన కాయైనా, మొదటి బహుమతి వచ్చినా, పారెయ్యండి. ఆ చేదు కడుపులోకి వెళ్తే వాంతులు, రక్తపు విరేచనాలు అయి ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు. జ్యూసు అసలు తాగొద్దు. ఇందులో మొహమాటం లేదు.

షెడ్యూల్_మాస్టారు

ఒకే బరువు వస్తే కాటా ఎంత చిన్న తేడా చూపిస్తుందో అంతవరకు చూడండి, 5 గ్రాముల కాటా అయితే సమానం రావడం అరుదు. అప్పటికీ సమానమైతే ఇద్దరికీ మొదటి బహుమతి ఇచ్చి రెండోది ఎవరికీ ఇవ్వకండి, మూడో స్థానం అలాగే ఉంచండి. ఇది కూడా షెడ్యూల్‌లోనే రాసేయండి. జడ్జీలు ఇద్దరినీ మీ కాలనీ బయటి నుంచే పిలవండి, తూచేటప్పుడు కాయ మీద పేరు కాకుండా నంబరు మాత్రమే ఉండాలి. నేను జడ్జిగా రాను, ఎందుకంటే వంకాయల్లో నేనూ పోటీ చేస్తాను.